మేనమామ నాగన్న, ఎలుకల బోను ఒకటి

ఆదోని,
మార్చి 4

ఎమ్మిగనూరు వాస్తవ్యులు, మైకు నరసన్న గారికి,

ఆదోని నుంచి నాగన్న రాసేది. నేను క్షేమమని రాయను. మీరు క్షేమమా అని అడగను.

మీరు నాకు అక్క మొగుడు. మీ కూతురు రూపకు నేను మేనమామను. మొన్న పెండ్లిలో పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపం దాకా మోసింది నేనే. నడుము ఇప్పటికీ పట్టేసే ఉంది. ఆ నడుము మీద చెయ్యి పెట్టుకొని భోజనానికి కూర్చుంటే, మీరు చదివింపుల మైకు పట్టుకొని ఏమన్నారు?

"పెండ్లికూతురు మేనమామ, ఆదోని జిన్నింగు మిల్లు ఫిట్టరు, నాగన్న గారు... ఎలుకల బోను, ఒకటి!"

అంతటితో ఆగినారా? నా కానుకను ఫోటో తీసిన ఫోనులో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ, "చుంచులకు, పందికొక్కులకు కూడా పనికొచ్చును" అని ఆ మిగతాది కూడా చదివినారు. మండపమంతా ఒకటే నవ్వు. మగపెండ్లివాళ్ళ పెద్దాయన, మీ వియ్యంకుడు, లేచి, "మా ఇంట్లో ఎలుకలుండాయని మీకెవురు సెప్పినారప్పా?" అని అందరి ముందరా అడిగినాడు. వడ్డించే ఆయన నవ్వీ నవ్వీ నా ఓళిగ మీద నెయ్యి బదులు మజ్జిగ పోసినాడు. అప్పుడు లేచి వచ్చేసినాను.

ఇంక మన మధ్య ఫోను లేదు. మీ నంబరూ అక్క నంబరూ తీసేసినాను. నా పరువు తీసింది ఫోనే కాబట్టి ఆ ఫోనులోనే మీ గొంతు వినే కర్మ నాకు లేదు. ఏమన్నా చెప్పుకోవాలంటే ఉత్తరం రాసుకోండి. మీ గడప నేను తొక్కేది లేదు.

ఇట్లు,
ఓళిగ తినకుండా వచ్చిన
నాగన్న


ఎమ్మిగనూరు,
మార్చి 11

చిరంజీవి బామ్మర్ది నాగన్నకు,

బావ నరసన్న ఆశీర్వదించి రాసేది ఏమంటే, ఇక్కడ నీ కోపం తప్ప అందరం బాగున్నాము. బస్సెక్కితే గంటలో వచ్చే ఆదోనికి నాలుగు దినాలు పట్టే ఉత్తరం రాయించుకుంటున్నావు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "కోర్టు పనా పెద్దయ్యా?" అని అడిగింది. ఇంచుమించు అంతే తల్లీ అని చెప్పినాను.

నా మాట కూడా విను. ఎవరి పెండ్లికి పోయినా చదివింపుల్లో ఏమంటారు? "ఫలానా వారు, గిఫ్టు పాకెట్టు ఒకటి. ఫలానా వారు, గిఫ్టు పాకెట్టు ఇంకొకటి." ఇచ్చినవాళ్ళకు ఏమన్నా తృప్తి ఉంటుందా? కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు చదివితే నా కూతురి పెండ్లికి కళ ఏముంటుంది? అందుకే పాకెట్లు అప్పటికప్పుడు విప్పించినాను. నాకు తెలిసినవి నేను చదివినాను, తెలియనివాటికి కొత్త ఫోను కెమెరా పెట్టినాను. బొమ్మ తీస్తే చాలు, అదేమో, ఎందుకు పనికొస్తుందో మొత్తం చెప్తుంది. అబ్రహాం మాస్టరు తెచ్చిన ఆ గాజు బుడ్డిని నేను మందు సీసా అనుకున్నాను. ఫోను పూలకుండీ అని చెప్పి ఆయన మానం కాపాడింది. అంతవరకూ ఒక్క తప్పు పోలేదు.

ఆ తర్వాత నీ పాకెట్టు విప్పినాము. ఒక చెక్క పీట. దాని మీద ఇనుప కడ్డీ, కడ్డీకి మెలికలు. ఒక కొసకు మూడు ముండ్లు, ఇంకో కొసకు చేత్తో తిప్పే పిడి. పక్కన స్ప్రింగుతో ఎగిరి పడే ఒక చెయ్యి. నువ్వే చెప్పు, దాన్ని చూస్తే మామూలు మనిషికి మాత్రం ఏమనిపిస్తుంది?

మీ అక్క వీరమ్మ నాతో మాట్లాడటం లేదు. సంగటి ముద్ద పెట్టి ముఖం తిప్పుకుంటుంది. రూప అదేమో తెలియకుండా అత్తగారింటికి తీసుకుపోనని ఇక్కడే వదిలిపెట్టి ఆస్పరికి పోయింది. ఇంతకూ అదేమి నాగన్నా?

నీ బావ,
నరసన్న


ఆదోని,
మార్చి 19

నరసన్న గారికి,

ఇచ్చినవాణ్ణే అదేమి అని అడగడం ఏ ఊరి మర్యాదండీ? దేవుడి ప్రసాదం చేతిలో పెట్టుకొని ఇదేమి స్వామీ అని పూజారిని అడుగుతారా?

అది తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు. నేను ఎంతో ఆలోచించి తెచ్చినది. అంతకంటే రాయను.

నా షరతు ఒక్కటే. అదేమో మీరే కనుక్కోవాలి. నా పరువు ఏ మైకులో పోయిందో అదే మైకులో, ఆ జనమే ఉండగా, దాని పేరు సరిగ్గా చదవాలి. ఆ దినం మీ గడప తొక్కుతాను. అంతవరకూ నాకు అక్క లేదు, బావ లేడు. రూప మాత్రం ఉంది. ఆ పిల్లకు నా ఆశీర్వాదాలు వేరుగా చెప్పండి. ఈ కోపంలో కలపవద్దు.

నాగన్న


ఎమ్మిగనూరు,
మే 6

ప్రియమైన బామ్మర్దికి,

ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఇన్ని దినాలూ నీ వస్తువు పని మీదే ఉన్నాను. అంగడిలో బట్టలు కొలిచిన దినాలకంటే మిద్దె మీద ఫోటోలు తీసిన దినాలే ఎక్కువ.

మొదట పొద్దున్న ఎండలో తీసినాను. చేపలు పట్టే గాలం చక్రం అని చెప్పింది. మన తుంగభద్ర కాలువలో నీళ్ళుంటే కదా చేపలు, అయినా ఫిట్టరువు కదా, నీకు ఏమి ఆలోచన వచ్చిందోనని ఒక దినం నమ్మినాను. బోర్లా పెట్టి తీస్తే దంతవైద్యుడి పనిముట్టు అనింది. దూరం నుంచి తీస్తే పాతకాలపు తుపాకీ అనింది. అప్పుడు కొంచెం భయపడి దాని మీద తువ్వాలు కప్పినాను. తువ్వాలు కప్పినదాన్ని తీస్తే నిద్రపోతున్న పిల్లి అని చెప్పింది.

నిన్న బాగా దగ్గరగా పెట్టి తీసినాను. "అల్లం" అని వచ్చింది. నేను ఎగిరి గంతేసినాను, ఇది అల్లం దంచేదేనని. తర్వాత చూస్తే బొమ్మలో అడ్డం వచ్చింది నా బొటనవేలు. పొరపాటున కెమెరా మీ అక్క వైపు తిరిగి ఆమెను కూడా చూసింది. ఏమనిందో రాయను, ఆమె పక్కనే ఉంది.

ఇక నా తీర్మానం రాస్తున్నాను. గాలం చక్రమా? పండ్లు పీకేదా? రెండూ కాకపోతే ఒక చిన్న సైగ చెయ్యి. ఇంతకంటే ఒక మనిషి ఎంతని కష్టపడతాడు?

నీ బావ,
నరసన్న


ఆదోని,
మే 15

నరసన్న గారికి,

గాలం చక్రమంట, పండ్లు పీకేదంట. మేనకోడలి పెండ్లికి పండ్లు పీకేది చదివిస్తానా? నేను మేనమామనా, కట్టుడు పండ్లు అమ్మేవాణ్ణా? గుడ్డెద్దు చేలో పడినట్టు ఉంది మీ వెతుకులాట.

అయినా ఒక మాట. పిడి తిప్పితే కడ్డీ ముందుకు పోతుందా, వెనక్కి పోతుందా? మూడు ముండ్లూ కడ్డీతో పాటు తిరుగుతాయా, ఉన్నచోటే నిలబడతాయా? స్ప్రింగు చెయ్యికి బ్లేడు లాంటిది ఏమన్నా ఉందా? వివరంగా రాయి బావా.

మీకు తెలుసో లేదో పరీక్ష పెట్టడానికే అడుగుతున్నాను. వేరే ఏమీ లేదు.

నాగన్న


ఎమ్మిగనూరు,
జూలై 9

నాగన్నా,

ఈ ఉత్తరంలో ఎగతాళి లేదు. నెమ్మదిగా చదువు.

రూప కడుపుతో ఉంది. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన పిల్ల వచ్చినట్టే మంచం పట్టింది. వేవిళ్ళు. అన్నం వాసన పడదు, రొట్టె వాసన పడదు, నా ఉగ్గాని బజ్జీ పొట్లం వీధి మలుపులో ఉండగానే ఇక్కడ వాంతి చేసుకుంటుంది. కడుపులో నిలిచేది ఒక్క యాపిల్ పండే. అదీ తొక్క లేకుండా. నాలుక మీద చిన్న తొక్క ముక్క తగిలినా మళ్ళీ మొదటికి వస్తుంది. మీ అక్క పొద్దస్తమానం కత్తి పట్టుకొని తొక్క తీస్తూనే ఉంది. మొన్న వేలు కోసుకుంది. కట్టు కట్టించుకొని మళ్ళీ తొక్క తీయడానికే కూర్చుంది. నేను తీస్తానంటే, "నువ్వు తీస్తే పండు పోయి గింజ మిగుల్తాది, పక్కకు పో" అనింది. నాలుగు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నీ వస్తువు వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించినాము. దానికి మాత్రం బాగా పనికొస్తోంది. కొంపదీసి అది తలుపు ఆనించేదేనా?

దసరాకు సీమంతం అనుకున్నాము. పుట్టింట్లోనే చేసుకోమని వియ్యంకులు ఒప్పుకున్నారు. నిన్న రూపతో ఆ మాట అంటే ఏమనిందో తెలుసా? "నాగన్న మామ గాజులు తెచ్చి తొడిగిస్తేనే కూర్చుంటా. లేకపోతే నాకు సీమంతం వద్దు." అని గోడ వైపు తిరిగి పడుకుంది. వట్టి మాటని అనుకోవద్దు. ఆ పిల్ల మొండితనం మీ వంశానిదే.

నేను నీకు చెయ్యెత్తి మొక్కుతున్నాను. వచ్చెయ్యి. దాని పేరు మనం తర్వాత కనుక్కుందాము.

నరసన్న


ఆదోని,
జూలై 17

బావా,

నీ ఉత్తరం మిల్లులో చదివినాను. చదివి స్పానరు ఎక్కడ పెట్టినానో మర్చిపోయినాను. చేతిలోనే ఉంది.

రూప నా భుజాల మీద ఎక్కి ఉరుకుంద తిరునాళ్ళు చూసిన పిల్ల. దానికి గాజులు వేరే ఎవరో తొడిగించడమా? ఆకుపచ్చ గాజులు అప్పుడే కొని పెట్టినాను. పట్టుచీర కూడా చూసి పెట్టినాను. సంచి సర్ది వాకిట్లో పెట్టినట్టే ఉంది నా పరిస్థితి.

కానీ బావా, నేను అన్న మాట ఆదోని అంతా తెలుసు. బోను మామ అని మిల్లులో పేరు పెట్టినారు. తూకం కాటా దగ్గర ఫిట్టరు నాగన్న వచ్చినాడు అనేవాళ్ళు ఇప్పుడు ఎలుక పడిందా అంటున్నారు. మైకులో సరిగ్గా చదవకుండా వచ్చి కూర్చుంటే మీ వియ్యంకుడు మళ్ళీ లేస్తాడు, మళ్ళీ ఎలుకలను తెస్తాడు. రూప ముందర నేను తల వంచుకొని గాజులు తొడిగించలేను.

ఏదన్నా దారి చూడు. దసరా దగ్గరికి వస్తోంది. అక్క వేలు జాగ్రత్త.

నాగన్న


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 12

ఓరి నాగన్నా,

దొరికినావు. కూర్చొని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నిన్న మీ అక్క కందిబేడలలో ఏదో పురుగు చేరిందని కేక వేసింది. అదేమి పురుగో చూద్దామని అలమారలో కెమెరా పెట్టినాను. ఫోను పురుగును వదిలేసి, అలమారలో పరిచిన కాగితాన్ని పట్టుకుంది. నీలం కాగితం. దాని మీద గులాబీ రంగు ఏనుగులు, ఒక్కో ఏనుగు తొండంలో ఒక బుడగ. నీ పాకెట్టుకు చుట్టిన కాగితమే. బాగుందని మీ అక్క చింపకుండా విప్పి అక్కడ పరిచింది. "ఇలాంటి బొమ్మ మీ ఫోనులోనే ఒకటి ఉంది" అని ఫోను చెప్పింది. చూపించమన్నాను.

పాత ఫోనులోంచి ఎక్కించిన ఫోటోల్లో ఏమి చూపించిందో తెలుసా? మూడేండ్ల కిందట ఆదోనిలో నీ ఇంటి గృహప్రవేశం. నేను నీ చేతికి పాకెట్టు ఇస్తున్నాను. ఇద్దరం కెమెరా వైపు చూసి ఇకిలిస్తున్నాము. పాకెట్టు మీద నీలం కాగితం, గులాబీ ఏనుగులు, బుడగలు. అంచున అంటించిన టేపు కూడా అదే వంకర. ఆ వంకర నాది, నేనే అంటించినాను.

అంటే, నేను ఇచ్చినది విప్పకుండా అటక మీద పెట్టి, మూడేండ్ల తర్వాత దించి, దుమ్ము దులిపి, నా కూతురికే చదివించినావు! "ఎంతో ఆలోచించి తెచ్చినది!" "తెలిసినవాళ్ళకు తెలుస్తుంది!" ఇచ్చినవాడు పిడి తిప్పితే ఎటు పోతుందని అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా ఎద్దును నాకే అమ్మి, పైగా పండ్లు లెక్కపెట్టలేదని అలిగినావు కదరా!

మీ అక్కకు ఇంకా చెప్పలేదు. చెప్పమంటావా?

గృహప్రవేశంలో నీకు ఈ అమూల్యమైన వస్తువును బహూకరించిన
నరసన్న


ఆదోని,
సెప్టెంబరు 18

బావా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో తల వంచినాను. సగం వంచినాక ఆగినాను.

ఇచ్చినది నువ్వే. సరే. మరి అదేమో నీకు తెలియాలి కదా? మార్చి నుంచి మిద్దె ఎక్కి ఎండలో ఫోటోలు ఎందుకు తీసినావు? తువ్వాలు ఎందుకు కప్పినావు? నీ వేలును అల్లమని ఎందుకు గంతేసినావు?

అంటే నువ్వూ విప్పలేదు. నీకు ఎవరో ఇస్తే నువ్వు నాకు తోసినావు. నీ సొంత బామ్మర్ది గృహప్రవేశానికి!

చెప్పుకో బావా, అక్కకు చెప్పుకో. ఇద్దరం కలిసి చెప్దాము. నేను ముందు బస్సుకే వస్తాను.

తల ఎత్తుకున్న
నాగన్న


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 25

బంగారు బామ్మర్దికి,

మన ఇంటి మాటలు మన ఇంట్లో ఉండాలి. మీ అక్కకు చెప్పేది వద్దు. నువ్వు గొప్పవాడివి, నేను నీకంటే గొప్పవాణ్ణి, అక్కడితో సరి.

నువ్వు రాసింది నిజం. నేను కొత్త అంగడి తెరిచిన దినం పక్కంగడి టైలరు చోటే సాబ్ ఇచ్చిన పాకెట్టు అది. పైన పాతబడిన ఎర్ర కాగితం మీదనే నీలం కాగితం చుట్టి నీకు ఇచ్చినాను. నిన్న ఆ వస్తువును చంకలో పెట్టుకొని పోయి ఆయన కుట్టుమిషను పక్కన దించినాను. ఆయన కండ్లద్దాలు పైకెత్తి చూసి, "అరె నర్సన్నా, ఇది యాపిల్ తొక్క తీసే మిషన్ కదా! మా అల్లుడు మోయిన్ కువైటు నుంచి తెచ్చినాడు" అన్నాడు.

"మరి నువ్వు వాడుకోకుండా నాకెందుకిచ్చినావప్పా?" అని అడిగినాను.

"మా ఇంట్లో యాపిల్ వచ్చేదే ఎవురన్నా ఆసుపత్రిలో పడితే. ఆసుపత్రిలో ఉన్నోడు తొక్కతోనే తింటాడు, బిల్లు కట్టినాడు కదా. ఇంక మిషన్ ఎందుకు?" అన్నాడు.

యాపిల్ పండు తొక్క తీసే మర, నాగన్నా! రెండు నెలలుగా అది వంటింటి తలుపుకు ఆనుకొని ఉంది. దానికి మూరెడు దూరంలో మీ అక్క కట్టు కట్టిన వేలితో కత్తి పట్టుకొని కూర్చొని ఉంది!

ఇంటికి తెచ్చి బల్లకు బిగించినాను. ముండ్లకు పండు గుచ్చి పిడి తిప్పితే, తొక్క రిబ్బను మాదిరి ఊడి కింద పడింది. రూపకు ఏడో నెల వచ్చినా తొక్క ఇప్పటికీ పడదు. కూర్చున్నచోటే రెండు పండ్లు తిని, మూడోది తనే తిప్పుకుంది. మీ అక్క తన వేలు చూసుకుంది, మరను చూసింది, నన్ను చూసింది. ఆ చూపు ఏమిటో గుర్తుపట్టడానికి ఏ ఫోనూ అక్కర్లేదు.

ఇప్పుడు నీ షరతు తీరుస్తాను. సీమంతానికి మైకు పెట్టిస్తున్నాను. ఎందుకని మీ అక్క అడిగితే పాటలకని చెప్పినాను. వియ్యంకులతో సహా పెండ్లికి వచ్చినవాళ్ళందరినీ పిలిచినాను. చోటే సాబ్‌ను పిలవకపోతే బాగుండదు కాబట్టి ఆయన్నూ పిలిచినాను. ఒక్కటే జాగ్రత్త. ఆయన్ను మైకు దగ్గరికి రానివ్వకూడదు. అది నీ పని.

బావ


ఆదోని,
సెప్టెంబరు 30

బావా,

వస్తున్నాను. గాజులు, చీర, ఒక పెట్టె యాపిల్ పండ్లు. చోటే సాబ్ పక్కనే కూర్చుంటాను, కదలనివ్వను. బస్టాండుకు ఎవరూ రావద్దు, నాకు దారి తెలుసు. ఓళిగలు మాత్రం లెక్క చూసుకొని చేయించు. ఫిబ్రవరివి కూడా బాకీ ఉన్నాయి.

నాగన్న


ఆదోని,
అక్టోబరు 14

ప్రియమైన బావకు,

నంబరు మళ్ళీ ఎక్కించుకున్నాను. అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోనులో తిడితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు.

"పెండ్లినాడు జరిగిన పొరపాటుకు చింతిస్తూ, మేనమామ నాగన్న గారు చదివించినది, యాపిల్ పండు తొక్క తీసే మర, ఒకటి!" అని నువ్వు గొంతెత్తి చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది బావా, అబద్ధం చెప్పను. నేను లేచి పిడి తిప్పి చూపిస్తే ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టినారు. మీ వియ్యంకుడు వచ్చి తనూ ఒక పండు తిప్పుకున్నాడు. నేను మీసం దువ్వుకున్నాను. ఆ దువ్వుకోవడంలోనే చోటే సాబ్ నా పక్క నుంచి లేచిపోయింది చూసుకోలేదు.

అది నా తప్పు. మైకు ఆపకపోవడం నీ తప్పు. రూప తల మీద అక్షింతలు వేయడానికి పోయిన మనిషి బల్ల మీద మరను చూసి, మైకు ముందరే నిలబడి, "అరె! ఇది నేనిచ్చిందే కదా నర్సన్నా! నువ్వు ఆదోనికి ఇస్తే ఆదోని నుంచి మల్లా వచ్చిందా? శానా తిరిగింది పాపం!" అన్నాడు. వీధి చివర కిరాణా అంగడిలో కూడా వినపడింది. నేను పందిరి గుంజను పట్టుకొని నిలబడినాను. నువ్వు కుర్చీ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగినావు. అక్క నడుము మీద రెండు చేతులూ పెట్టుకొని మనిద్దరినీ ఒకే చూపులో చూసింది. అంత పెద్ద చూపు అక్కకు ఒక్కదానికే వస్తుంది.

ఆ నవ్వు పెండ్లినాటి నవ్వు కంటే పెద్దది. కానీ ఈసారి నాకు కోపం రాలేదు బావా. రూప పొట్ట పట్టుకొని, కండ్ల నీళ్ళు కారేదాకా నవ్వి, "ఎవురిచ్చిందైతే ఏమి మామా, నువ్వొచ్చినావు కదా, గాజులు తొడిగించు" అని చేతులు చాపింది. ఆ చేతులకు గాజులు ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. మైకులో చదవలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఇన్ని నెలలు ఆ పిల్లను చూడకుండా ఎట్ల ఉన్నానో నాకే తెలియదు. ఇంకోసారి నేను అలిగితే పట్టించుకోవద్దు, బస్సెక్కి వచ్చి నా చెవి పట్టుకొని లాక్కుపో.

ఓళిగలు ఎన్ని తిన్నానో అక్క చెప్తుంది. మజ్జిగ మాత్రం దూరంగా పెట్టించినాను.

ఇక అసలు సంగతి. బస్సెక్కేటప్పుడు నువ్వు నా సంచిలో ఒక పాకెట్టు పెట్టి, "ఇంటికి పోయినాక చూసుకో" అన్నావు. నీలం కాగితం, గులాబీ ఏనుగులు, బుడగలు. కందిబేడల వాసన కూడా వస్తోంది. పాత అలవాటు కొద్దీ నిచ్చెన వేసి అటక మీద పెట్టబోయినాను. సగం ఎక్కినాక బుద్ధి వచ్చి, కిందికి దిగి విప్పినాను.

చెక్క పీట. దాని మీద ఇనుప తీగ, ఒక స్ప్రింగు. ఫోను అక్కర్లేకుండానే గుర్తుపట్టినాను.

నాది మిల్లు పక్క ఇల్లు. పత్తి గింజల కోసం వచ్చే ఎలుకలు పప్పు డబ్బా దాకా వస్తాయి. రొట్టె ముక్క పెట్టి వాకిట్లో ఉంచినాను. ఒక చుంచు పడింది. తర్వాత దినం పందికొక్కు కూడా పడింది. నువ్వు పెండ్లిలో మైకులో చదివిందంతా అక్షరాలా నిజమే బావా.

దీన్ని మాత్రం నేను ఎవరికీ చదివించేది లేదు.

నీ బామ్మర్ది,
బోను మామ నాగన్న